వంటింటి అర్థశాస్త్రం

పాఠ్యభాగ ఉద్దేశం

వెచ్చాల కొనుగోలులోను, వంటలోను పాటించదగిన పొదుపు మార్గాలను తెలియజేయడం, పొదుపునకు లోభానికి గల భేదాన్ని గ్రహింపజేయడం, వంటపనిలోని శ్రమను గుర్తించి అందులో పాలుపంచుకొనే గుణాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

కూడు, గుడ్డ, గూడు అనే మూడింటిని మానవుని ప్రాథమిక అవసరాలుగా పెద్దలు పేర్కొన్నారు. ఈ వరుసలో కూడు మొదట నిలవడానికి కారణం ఉంది. గుడ్డ ఒకసారి కొంటే ఏడాది కట్టుకొంటాం. గూడు ఒకసారి కట్టుకొంటే తరాలపాటు నిలుస్తుంది. కూడు మాత్రం ప్రతిదినం సమకూర్చుకోవలసిందే, ప్రతిపూట వండుకోవలసిందే. జీతం అందిన నెలలోను, అందని నెలలోను పొయ్యి వెలగక తప్పదు. అందుచేత ఒక కుటుంబం తన ఆదాయవ్యయాలను ఏ విధంగా సరిచూసుకొంటున్నదో తెలియాలంటే, ఆ ఇంటి బ్యాంకు పుస్తకంకంటె ముందు ఆ ఇంటి వంటగదిని చూడాలి.

మన దేశంలో కుటుంబాల ఖర్చులను లెక్కించే జాతీయ నమూనా సర్వేలు ఈ విషయాన్నే అంకెలలో చూపుతున్నాయి. 1999-2000 నాటికి గ్రామీణ కుటుంబాలు ఖర్చుచేసే ప్రతి వంద రూపాయలలో 59 రూపాయలు, పట్టణ కుటుంబాలు ఖర్చుచేసే వందలో 48 రూపాయలు తిండికే పోయేవి. 2022-23 నాటి సర్వేలో ఈ భాగం గ్రామాలలో 46 రూపాయలకు, పట్టణాలలో 39 రూపాయలకు తగ్గింది. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గడం సహజమే. ఐతే ఆ వాటా లోపల వచ్చిన మార్పు మనం గమనించదగినది. బియ్యం, గోధుమ వంటి ధాన్యాలపై పెట్టే భాగం బాగా తగ్గిపోయింది. పానీయాలు, చిరుతిండ్లు, బయట వండిన పదార్థాలు, పొట్లాలలో అమ్మే తినుబండారాలు కలిసి తిండి పద్దులన్నింటిలో పెద్ద పద్దుగా నిలిచాయి. పట్టణాలలో ఇది మొత్తం ఖర్చులో పదవ వంతుకు పైమాటే. పొదుపు చేయదలచినవారు ముందుగా చూడవలసింది బియ్యపు బస్తాను కాదు, పొట్లాల సంచిని.

పొదుపు అనగానే కొందరికి పిసినారితనం గుర్తుకు వస్తుంది. ఈ రెండూ పైకి ఒకే విధంగా కనిపించినా స్వభావంలో వేరు. కడుపునకు పోవలసిన దానిని తగ్గించడం లోభం. కడుపునకు పోకుండా వృథా అయ్యే దానిని ఆపడం పొదుపు. లోభి ఇంట పిల్లలకు పాలు తగ్గుతాయి. పొదుపరి ఇంట పాలు పొంగి పొయ్యిపాలు కావు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని సరుకు కొనే చోటు నుండి విస్తరి వరకు పొదుపు ఎక్కడెక్కడ సాధ్యమో పరిశీలిద్దాం.

పొదుపులో మొదటి మెట్టు కాలాన్ని ఎరగడం. పంట చేతికి వచ్చిన నెలలో సరుకు సమృద్ధిగా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. సంక్రాంతి ముందు వెనుకల కొత్త కందులు, కొత్త బెల్లం వస్తాయి. శివరాత్రి దాటిన తరువాత చింతపండు, ఎండుమిరపకాయలు వస్తాయి. వేసవిలో మామిడికాయలు వస్తాయి. వాటిని ఆయా కాలాలలో కొని ఏడాదికి సరిపడ నిలవచేసుకొనే అలవాటు తెలుగువారికి తరతరాలుగా ఉన్నది. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, వడియాలు, అప్పడాలు, ఒరుగులు ఇవన్నీ రుచికోసం మాత్రమే పుట్టినవి కావు. చవకగా దొరికిన కాలపు పంటను కరవు కాలానికి అందించే ఉపాయాలుగా పుట్టాయి.

పదహారవ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం ఋతువును బట్టి మారుతుంది. వానకాలంలో విస్తరిలో ఒరుగులు, వడియాలు కనిపిస్తాయి. వేసవిలో చారు, మజ్జిగపులుసు, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ వడ్డిస్తారు. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు వస్తాయి. ఆకుకూరలు కుళ్లిపోయే జడివానల్లో ఎండబెట్టి దాచిన ఒరుగులు అక్కరకు రావడం ఎంత సహజమో ఆలోచించండి. ఏ కాలంలో ఏది దొరుకుతుందో దానినే వండుకొనే ఆ పద్ధతి నేటికీ చవకైనదే, ఆరోగ్యకరమైనదే. చలికాలంలో మామిడిపండును, నడివేసవిలో కాలీఫ్లవరును కోరుకొంటే, శీతల గిడ్డంగి అద్దె, దూరపు రవాణా ఖర్చు మనమే చెల్లిస్తాం.

కొన్న సరుకును కాపాడుకోవడం రెండవ మెట్టు. పురుగు పట్టిన పప్పు ఎంత చవకగా కొన్నా నష్టమే. బియ్యంలో ఎండిన వేపాకు వేయడం, కందిపప్పుకు కొద్దిగా ఆముదం పట్టించి ఎండబెట్టడం, చింతపండును గింజ తీసి ఉప్పు చల్లి జాడీకి ఎత్తడం మన ఇండ్లలో పరీక్షకు నిలిచిన పద్ధతులు. వీటన్నింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. తేమ లేనిచోట పురుగు, బూజు త్వరగా పెరగవు. ఇరుకైన అద్దె గదిలో ఏడాది సరుకు దాచే వీలు లేనివారు నెలకు సరిపడ కొనడమే మేలు. పెద్దమొత్తంలో కొనడం అందరికీ ఒకే విధంగా లాభించదని గ్రహించాలి.

మూడవ మెట్టు అంగడిలో లెక్క చూడడం. ఒక దుకాణంలో కందిపప్పు మూడు పరిమాణాలలో ఉన్నదనుకొందాం. అరకిలో పొట్లం ధర 95 రూపాయలు, కిలో పొట్లం 180 రూపాయలు, రెండు కిలోల పొట్లం 370 రూపాయలు. పెద్ద పొట్లం చవక అనే నమ్మకంతో చాలామంది మూడవదాన్ని తీసుకొంటారు. కిలో ఒక్కింటికి లెక్కిస్తే మొదటిది 190 రూపాయలు, రెండవది 180, మూడవది 185. చవకైనది నడిమి పొట్లమే. ఇదే విధంగా 50 గ్రాముల ఆలుగడ్డ చిప్సు పొట్లం 20 రూపాయలైతే కిలో 400 రూపాయలు పడినట్లు. పొట్లం ధర చూసినప్పుడు 20 రూపాయలు చిన్న మొత్తమే అనిపిస్తుంది. కిలో ధర చూసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

వినియోగదారునికి ఈ లెక్క సులభం కావాలనే ఉద్దేశంతో కేంద్రప్రభుత్వం పొట్లాల సరుకులకు సంబంధించిన తూనికలు, కొలతల నియమాలను 2021లో సవరించింది. గరిష్ఠ చిల్లర ధరతోపాటు గ్రాముకు, కిలోకు, మిల్లీలీటరుకు లేదా లీటరుకు ఎంత పడుతున్నదో కూడా పొట్లంపై ముద్రించాలన్నది ఆ సవరణలోని ఒక ముఖ్యాంశం. ధర మార్చకుండా పొట్లంలోని తూకాన్ని తగ్గించే వ్యాపారపు ఎత్తుగడ ఆ చిన్న అంకెలోనే బయటపడుతుంది. కనుక అట్ట మీద బొమ్మను కాక అంచున ఉన్న అంకెను చదవడం అలవరచుకోవాలి.

కూరగాయల విషయంలో దళారుల ప్రమేయం లేకుండా రైతు పండించిన దానిని వినియోగదారునికి నేరుగా అమ్ముకొనేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు ప్రారంభమయ్యాయి. రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, కొనేవానికి నాలుగు రూపాయలు తక్కువ అన్నది వాటి వెనుక ఉన్న ఆలోచన. పేదల ఇంట పొయ్యి వెలిగించడంలో చౌకధరల దుకాణాల పాత్ర ఇంకా పెద్దది. 1983లో మన రాష్ట్రంలో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఎన్నో కుటుంబాలకు తెల్లన్నాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం రాయితీ ధాన్యాన్ని అర్హులైన కుటుంబాలకు చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. హక్కుగా లభించే సరుకును వదలుకోకుండా తెచ్చుకొని సక్రమంగా వాడుకోవడం కూడా పొదుపే.

ఇక వంటగదిలోకి వద్దాం. వండేటప్పుడు జరిగే నష్టం రెండు విధాలు. ఒకటి కంటికి కనిపించేది, రెండవది కనిపించనిది. బియ్యాన్ని నాలుగైదుసార్లు పిసికి కడిగి, ఎక్కువ నీటిలో వండి, గంజి వార్చి పారబోస్తే నీటిలో కరిగే బి విటమినులు ఆ గంజితోపాటే పోతాయి. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారంగా గలవారిలో థయమిన్ అనే విటమిను లోపంవల్ల బెరిబెరి అనే వ్యాధి వస్తుంది. ఆ వ్యాధిని పరిశోధించడానికి రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో ప్రయోగశాలను ప్రారంభించాడు. అదే క్రమంగా ఎదిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది. గంజి పారబోయడంలోని నష్టం ఎంతటిదో ఈ చరిత్ర చెబుతుంది. తగినంత నీరే పోసి అన్నం వండుకోవడం, వార్చక తప్పనప్పుడు గంజిని ఉప్పు, మజ్జిగ కలిపి తాగడం, పప్పు ఉడికిన కట్టుతో చారు కాచుకోవడం కానీ ఖర్చులేని పోషణ.

ఇంధనం విషయంలో భౌతికశాస్త్రం మనకు సాయపడుతుంది. నీరు మరగడం మొదలైన తరువాత మంట ఎంత పెంచినా దాని వేడి సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడును దాటదు. అదనపు మంట నీటిని త్వరగా ఆవిరి చేస్తుందే కాని పప్పును త్వరగా ఉడికించదు. కనుక ఎసరు మరగగానే మంట తగ్గించాలి, గిన్నెకు మూత పెట్టాలి. ప్రెషర్ కుక్కరులో ఆవిరి ఒత్తిడి పెరిగినందువల్ల నీరు 120 డిగ్రీల దరిదాపులలో మరుగుతుంది, అందుకే పదార్థం త్వరగా ఉడుకుతుంది. శనగలు, రాజ్మా వంటివి రాత్రి నానబెడితే గ్యాసు మరింత ఆదా అవుతుంది. నానబెట్టడానికి కావలసింది డబ్బు కాదు, ముందుచూపు.

మన వంటలలో పారవేసేది తక్కువ. బీరకాయ కూర చేస్తే దాని తొక్కుతో పచ్చడి చేస్తాం. అరటిచెట్టు గెల ఇచ్చిన తరువాత దాని దూటను, అంతకుముందే పువ్వును వండుకొంటాం. కొత్తిమీర ఆకు కూరలోకి, కాడ చారులోకి పోతుంది. రాత్రి మిగిలిన అన్నం ఉదయానికి చద్దన్నమై, నిమ్మరసం తగిలితే పులిహోరయై, పెరుగు కలిస్తే దద్దోజనమై కొత్త రూపు దాలుస్తుంది. రాత్రి అన్నంలో నీరు, కొంచెం మజ్జిగ పోసి ఉంచితే మేలు చేసే సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. పెద్దల మాట చద్దిమూట అనే నానుడి ఊరక పుట్టలేదు. ఐతే మిగిలిన అన్నాన్ని వేడి వాతావరణంలో గంటల తరబడి అట్లే వదలివేస్తే హానికరమైన సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడమో, శుభ్రమైన నీటితో చద్దికి వేయడమో చేయాలి. వాసన మారినా జిగురు కట్టినా దానిని తినరాదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇండ్లలో జరిగిన వృథాయే. పెండ్లి పందిళ్లలో, హోటళ్లలో పారవేసేది మన కంటికి పెద్దదిగా కనిపిస్తుంది. ఇంటింటా రోజూ చెత్తబుట్టలో పడే పిడికెడు అన్నం మాత్రం లెక్కకు రాదు. ఆ పిడికెళ్లన్నీ కలిస్తే అది కొండ అవుతుంది.

పొదుపు పేరుతో చేసే కొన్ని పనులు నిజానికి నష్టదాయకాలు. పిండివంటలు వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వాడడం అటువంటిది. పదేపదే కాగిన నూనెలో ఏర్పడే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే ఆ నూనె వంటకు పనికిరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. నూనెలో మిగిల్చిన పది రూపాయలు వైద్యునికి వందలుగా చెల్లించవలసి రావచ్చు. పప్పు, ఆకుకూర, కోడిగుడ్డు మానివేసి పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవడం ఇటువంటిదే. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అంశం పప్పులో ఉంది, పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంది. ఈ రెండూ కలిసిన పప్పన్నం తక్కువ ఖర్చుతో మంచి మాంసకృత్తులను ఇచ్చే భోజనం. పెరటిలో మునగచెట్టు ఉన్న ఇంటికి మునగాకు ఖర్చులేని పోషకం.

ఇంతవరకు రూపాయలను లెక్కించాం. ఈ లెక్కలో ఒక పద్దు ఇంకా చేరలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. నగరంలో ఒక గది అద్దెకు తీసుకొని చదువుకొంటున్న నలుగురు విద్యార్థులు హోటలులో ప్లేటు 40 రూపాయలకు నాలుగు ఇడ్లీలు తింటున్నారనుకొందాం. పావుకిలో మినపప్పుకు 35 రూపాయలు, అరకిలో ఇడ్లీరవ్వకు 25 రూపాయలు, పచ్చడికి, ఉప్పుకు, గ్యాసుకు, కరెంటుకు కలిపి 60 రూపాయలు వేసుకొంటే మొత్తం 120 రూపాయలు అవుతుంది. ఆ పిండితో సుమారు 32 ఇడ్లీలు, అనగా ఎనిమిది ప్లేట్లు వస్తాయి. ప్లేటు 15 రూపాయలు పడింది. ఎనిమిది ప్లేట్లకు 200 రూపాయలు మిగిలాయి. లెక్క సరిగానే ఉంది. ఐతే పప్పు నానబోసినవారు ఎవరు? రుబ్బినవారు ఎవరు? తెల్లవారుజామున లేచి ఇడ్లీ పాత్ర పొయ్యిమీద పెట్టినవారు ఎవరు? తరువాత ఆ పాత్రలు తోమినవారు ఎవరు? నలుగురూ పని పంచుకొన్నట్లయితే ఆ 200 రూపాయలు నలుగురి ఆదా. ఒక్కరే చేసినట్లయితే మిగతా ముగ్గురు ఆ ఒక్కరి శ్రమను ఉచితంగా తిన్నట్లే.

గదిలో నలుగురి మధ్య సులభంగా కనిపించే ఈ న్యాయం ఇంటిలో మనకు కనిపించదు. హోటలులో ఇచ్చే డబ్బులో వండినవారి కూలి కూడా ఉంది. ఇంటి వంట చవకగా ఉండడానికి ఒక కారణం ఆ కూలిని మనం లెక్కలో వేయకపోవడమే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనిలో పాల్గొన్న పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు మాత్రమే. ఇంటిలో ఆదా అయిన ప్రతి రూపాయి వెనుక ఈ నిమిషాలు ఉన్నాయి.

మహాభారత కథలలో అక్షయపాత్ర కథ మీకందరికీ తెలిసినదే. అరణ్యవాస కాలంలో ధర్మరాజునకు సూర్యుడు ప్రసాదించిన ఆ పాత్రలో అన్నం తరగదు. ఐతే దానికి ఒక నియమం ఉంది. ద్రౌపది భుజించేవరకే అది అక్షయం, ఆమె తిన్న తరువాత ఆనాటికి అది ఖాళీ. ఈ నియమం వల్ల అతిథులు, భర్తలు, పరిజనులు తిన్న తరువాతనే ఆమె తినాలి. పురాణంలోని పాత్ర ఆమె వంతు వచ్చేవరకు నిండుగానే ఉండేది. మన ఇండ్లలోని గిన్నె అక్షయపాత్ర కాదు. అందరికీ వడ్డించి చివరకు కూర్చొనే ఇల్లాలికి అడుగున మిగిలినదే భోజనం. ధరలు పెరిగిన నెలలో మొదట తగ్గేది ఆమె విస్తరిలోని కూర. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో రక్తహీనత గలవారు దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. చాలీచాలని ఆహారం వాటిలో ముఖ్యమైనది. తల్లి తన ముద్ద తగ్గించుకొని మిగిల్చిన డబ్బును ఆదా అనరాదు. అది ఆమె ఒంటినుండి తీసిన అప్పు.

ఇక్కడ మళ్లీ ఆముక్తమాల్యద గుర్తుకు రావాలి. జడివాన కురిసే రోజులలో ఇల్లాలి కంట పొగ సోకకుండా కొబ్బరి డొప్పలను వంటచెరకుగా వాడిన ముచ్చట రాయలు అందులో వర్ణించాడు. అతిథులకు ఎన్ని కూరలు వడ్డించారో చెప్పిన కవి, వండేవారి కంటిని కూడా చూశాడు. విందులోని వైభవంకంటె ఆ చూపు గొప్పది.

పిడికెడు బియ్యంతో పెద్ద పనులు సాధించిన చరిత్ర మన స్త్రీలది. ఎసటిలో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు ఎన్నో ఇండ్లలో ఉండేది. నెల చివరన ఆ కుండే అక్కరకు వచ్చేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత అదే జిల్లాలో మహిళలు రోజుకొక రూపాయి వంతున కూడబెట్టి పొదుపులక్ష్మి సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ పొదుపులో లోభం లేదు. సారా కొట్టుకు పోయే డబ్బును ఆపి, పిల్లల చదువునకు, పాడిపశువునకు మళ్లించారు. ఆ పొదుపు వారిని సంఘటితం చేసింది, నలుగురిలో మాట్లాడే ధైర్యాన్నిచ్చింది.

విద్యార్థులారా! ధనార్జన మీకు ఇంకా కొన్నేండ్ల దూరంలో ఉంది. పొదుపు మాత్రం ఈ రోజే మీ చేతిలో ఉంది. అంగడికి వెళ్లినప్పుడు కిలో ధర లెక్కచూడండి. విస్తరిలో తినగలిగినంతే పెట్టించుకోండి. మీరు బాలురైనా బాలికలైనా అన్నం, పప్పు, ఒక కూర వండడం నేర్చుకోండి. వారానికి ఒక పూటైనా మీరు వండి, రోజూ చివరన తినేవారిని మొదట కూర్చోబెట్టి వడ్డించండి. ఇంటిలో అందరి కడుపు నిండిన తరువాత మిగిలినదే నిజమైన మిగులు.

కఠిన పదాలకు అర్థాలు

వెచ్చాలు = ఇంటికి కావలసిన సరుకులు
లోభం = పిసినారితనం
పద్దు = లెక్కలోని ఒక అంశం
విస్తరి = భోజనం చేసే ఆకు
ఒరుగులు = ఎండబెట్టిన కూరగాయ ముక్కలు
ఎసరు = అన్నం వండడానికి మరగబెట్టే నీరు
దూట = అరటిబోదె లోపలి మెత్తని భాగం
మాంసకృత్తులు = ప్రోటీనులు
పరిజనులు = సేవకులు, వెంట ఉండేవారు
వంటచెరకు = వంటకు వాడే కట్టెలు మొదలైనవి
అక్షయం = తరగనిది

వ్యాకరణాంశాలు

సంధులు
ధనార్జన = ధన + ఆర్జన (సవర్ణదీర్ఘ సంధి)
ప్రధానాహారం = ప్రధాన + ఆహారం (సవర్ణదీర్ఘ సంధి)
పప్పన్నం = పప్పు + అన్నం (ఉత్వ సంధి)

సమాసాలు
ఆదాయవ్యయాలు = ఆదాయమును వ్యయమును (ద్వంద్వ సమాసం)
నలుగురు విద్యార్థులు = నలుగురైన విద్యార్థులు (ద్విగు సమాసం)
వంటచెరకు = వంట కొరకు చెరకు (చతుర్థీ తత్పురుష సమాసం)

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వెచ్చాల కొనుగోలులోను, వంటలోను పాటించదగిన పొదుపు మార్గాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ఇంటి వంట చవకగా ఉండడానికి గల కారణాలను చర్చిస్తూ, వండేవారి శ్రమను ఏ విధంగా గుర్తించాలో రాయండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొదుపునకు, లోభానికి గల భేదమేమి?
2. ఆముక్తమాల్యదలోని భోజన వర్ణన వలన మనం గ్రహించవలసిన విషయాలేవి?
3. పొదుపు పేరుతో చేసే నష్టదాయకమైన పనులను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రైతుబజార్లు ఎప్పుడు ప్రారంభమయ్యాయి?
2. గంజి వార్చి పారబోస్తే ఏ విటమినులు నష్టమవుతాయి?
3. అక్షయపాత్రకు గల నియమం ఏది?
4. సారా వ్యతిరేక ఉద్యమం ఏ జిల్లా నుండి వ్యాపించింది?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అది ఆమె ఒంటినుండి తీసిన అప్పు.
2. నానబెట్టడానికి కావలసింది డబ్బు కాదు, ముందుచూపు.

ఉ) కృత్యం
మీ ఇంటిలో ఒక వారంపాటు కొన్న వెచ్చాలను, వాటి తూకాన్ని, కిలో ధరను, పారవేసిన ఆహారాన్ని, వంటకు ఎవరెవరు ఎన్ని నిమిషాలు వెచ్చించారో ఒక పట్టికగా రాయండి. దానిని తరగతిలో చర్చించండి.